తెల్ల అక్షరాలు

సవానాలో ఆ సినిమా హాలుకి రెండు దారులు.
మాది వెనక సందులోంచి, చేపల బుట్టలు దాటి,
నలభై రెండు మెట్లు.
ఎనభై ఏళ్ళ అమ్మమ్మ కెజాయా
పదేసి మెట్లకోసారి ఆగి
"సినిమా కూడా మనతోపాటు పైకెక్కుతోందా ఏంట్రా" అనేది.

నాకు పదకొండేళ్ళు. చదువొచ్చినవాణ్ణి.
బాల్కనీ ముందు వరసలో నిలబెట్టి
తెర మీద రాత వచ్చినప్పుడల్లా
గొంతెత్తి చదవమన్నారు పెద్దవాళ్ళు.
కూలి: ఒక పొట్లం ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు,
ఉప్పు కాస్త ఎక్కువే.

కింద పియానో మొదలైంది.
తెర నిండా పత్తి చేను.
అమ్మమ్మ ముందుకు వంగి చూసింది.
"పత్తి ఏరేవాళ్ళెవరూ అంత నిటారుగా నిలబడరు.
ఆ పిల్ల గోనె చూడు, గాలికి ఎగురుతోంది. ఖాళీది.
సాయంత్రం తూకం దగ్గర ఉంటుంది దాని పని."
బాల్కనీ అంతా ఒక్కసారి నవ్వింది.
కింద ఎవరో తలెత్తి, "ఉష్."

ముసలి బానిస వేషం కట్టినాయనకి మొహమంతా మసి.
మెడ సగంలోకి వచ్చేసరికి మసి అయిపోయింది,
కాలరు లోపల పాలమీగడ.
రేవులో మూటలు మోసే ఏబ్నర్ అన్నాడు:
"ఇంతమందిమి ఉన్నాం కదా,
ఒక్క మెడ దొరకలేదా వీళ్ళకి?"
ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత రాత్రి. పిల్లని చంకనేసుకుని తల్లి పరుగు.
వెనక వేటకుక్కలు,
నోళ్ళు తెరుచుకుని, చప్పుడు లేకుండా.
పియానో ఆయన ఎడమచేత్తో మొరుగుళ్ళన్నీ మోగించాడు.
కింద ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.
అమ్మమ్మ మాట్లాడలేదు.
వంగి, తన ఎడమకాలి పిక్కని
రెండు చేతులతో పట్టుకుంది.
కుక్కలు తెర దాటి పోయాక కూడా
వదల్లేదు.

అన్నీ చదివాను నేను.
వేలంపాటలు చదివాను, ప్రార్థనలు చదివాను,
"మూడేళ్ళ తరవాత" అని కూడా చదివాను.

చివర్లో ముసలాయన గడ్డి మీద పడి ఉన్నాడు.
కొట్టించినవాడు గుమ్మంలో నిలబడ్డాడు.
పెదాలు కదిలాయి. తెర నల్లబడింది.
తెల్ల అక్షరాలు, అయిదు వరసలు.
క్షమ అనే మాట అందులో రెండుసార్లు ఉంది.
బళ్ళో నేర్చుకున్న మాటే, నోరు తిరగనిదేం కాదు.
వెనక రెండు వందలమంది ఎదురుచూస్తున్నారు.

"ఏమంటున్నాడ్రా?"
"ఏమీ అనలేదమ్మమ్మా. ఊరికే పెదాలు కదిలాయంతే."

అక్షరాలు ఇంకా అక్కడే ఉన్నాయి.
కళ్ళజోడు పెట్టుకున్న డీకన్ లెమ్యుయెల్
ఒకసారి నావైపు చూసి
దగ్గి ఊరుకున్నాడు.
"ఏమీ అనకపోవడానికి
అంత పొడుగు రాత ఎందుకో," అంది అమ్మమ్మ.
ఒక కాయ వలిచి గింజలు నా చేతిలో పోసింది.

కింద ఏడుపులు, ముక్కులు చీదిన చప్పుళ్ళు.
దీపాలు వెలిగినా చాలాసేపు లేవలేదు వాళ్ళు.
వాళ్ళు లేచి వెళ్ళేదాకా
మేం కదలకూడదు కనక
మేమూ కూర్చున్నాం.

ఎన్నో ఏళ్ళకి ఆ నవల దొరికింది నాకు.
అందులోనూ క్షమించాడు ఆయన.
మంచి మనసుతో రాసిన పుస్తకమే, కాదనను.
ఆ పేజీ అంచున నా గోటి గీత
ఇప్పటికీ ఉంటుంది.

సోమవారం మిసెస్ విదర్స్ ఇంటినుంచి
ఉతుకుల మూట వచ్చింది.
అమ్మ లెక్కపెట్టింది: దుప్పట్లు ఆరు,
చేతి రుమాళ్ళు ఎప్పుడూ నాలుగు,
ఈ వారం తొమ్మిది.
"పడిశం పట్టిందేమో పాపం ఆవిడకి."

అమ్మమ్మ ఒకదాన్ని, లేసు అంచుది,
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూసింది.
"చూసొచ్చాంలే, మంచి సినిమా," అంది.
"గంజి కొంచెం గట్టిగా పట్టించు."